బ్రౌన్ గారు ఎండగా మారకుండా: ఇంగ్లీషు ఇంటిపేర్లు హీబ్రూలో రాయడం ఎలా

"బ్రౌన్ రేపు వస్తాడు" అని ఇంగ్లీషులో ఉన్న ఒక చిన్న వాక్యాన్ని ఒకసారి ట్రాన్స్‌లేషన్ యాప్‌లో వేసి, వచ్చిన హీబ్రూని అలాగే కాపీ చేసి మెయిల్‌లో పెట్టేశాను. పంపే ముందు ఎందుకో ఇంకోసారి చదివితే గుండె జారినంత పనైంది. యాప్ ఆ ఇంటిపేరును రంగు అనుకుంది. ఖెట్, వావ్, మేమ్ అనే మూడక్షరాల మాట పెట్టింది. హీబ్రూలో మామూలుగా అచ్చుల గుర్తులు రాయరు కాబట్టి ఆ మూడక్షరాలను 'ఖూమ్' అని చదివితే గోధుమరంగు, 'ఖోమ్' అని చదివితే వేడి. అంటే అవతలివాళ్ళకు నా మెయిల్ "రేపు ఎండ వస్తుంది" అని వాతావరణ వార్తలా కనిపించేది.

ఇంటిపేరుకు అర్థం ఉండొచ్చు, కానీ దాన్ని అనువదించకూడదు. పలుకును మాత్రమే ఇంకో లిపిలోకి దించాలి. ఈ పని మనం తెలుగులో రోజూ చేస్తున్నదే. పేపర్లో స్మిత్ అని రాస్తాం తప్ప కమ్మరి అని రాయం. టేలర్ అనే క్రికెటర్‌ని దర్జీ అనం. హీబ్రూలోనూ అంతే. అయితే పేర్ల పట్టిక ఒకటి తయారుచేసుకుని 'స్మిత్ అంటే ఇది, టేలర్ అంటే ఇది' అని బట్టీ పడితే సగం పనే అవుతుంది. పేరు ఒంటరిగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. వాక్యంలోకి దిగాకే దాని ముందు ఏదో అతుక్కుంటుంది, పక్కన క్రియ మారుతుంది, ఒక్కోసారి అది పేరు అనే సంగతే మరుగున పడిపోతుంది. అందుకే ప్రతి పేరునూ నాలుగైదు మామూలు వాక్యాల్లో పెట్టి చూడమంటాను.

ముందు అది పేరో, మామూలు మాటో తేల్చండి

ఇంగ్లీషులో పేరుకు పెద్దక్షరం ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడం తేలికే అనిపిస్తుంది. కానీ వాక్యం మొదట్లో ఏ మాటకైనా పెద్దక్షరమే. అక్కడే యాప్‌లూ, తొందరలో ఉన్న మనుషులూ బోల్తా పడతారు. నేను వాడే చిట్కా ఒకటుంది. బేకర్, కుక్, కింగ్, హంటర్ లాంటి మాట ముందు 'ఎ' గానీ 'ద' గానీ లేకుండా, ఏకవచనంలో, ఒంటరిగా నిలబడితే అది దాదాపు ఎప్పుడూ పేరే. "ద బేకర్ కేమ్" అంటే రొట్టెలు చేసేవాడు వచ్చాడు. "బేకర్ కేమ్" అంటే బేకర్ అనే మనిషి వచ్చాడు, లేదా వచ్చింది. 'ద బ్రౌన్స్' అని బహువచనంలో ఉంటే మాత్రం అది కుటుంబం. దాని సంగతి తర్వాత చెబుతాను.

చెయ్యి తిరగడానికి పేరూ, అదే మాటా రెండూ ఉన్న వాక్యాలు మీరే తయారుచేసుకోండి. "గ్రీన్ ఆకుపచ్చ కారు కొన్నాడు" అన్నది హీబ్రూలో "గ్రీన్ కనా మెఖోనీత్ యెరుకా" అవుతుంది. మొదటి గ్రీన్ పలుకుగానే ఉండిపోయింది, రెండోది 'యెరుకా' అనే హీబ్రూ మాటగా మారింది. కొంచెం తమాషాగా కావాలంటే ఇది చూడండి: "మార్ బేకర్ హూ తబాఖ్, ఉమార్ కుక్ హూ ఓఫె." బేకర్ గారు వంటవాడు, కుక్ గారు రొట్టెలు చేసేవాడు అని అర్థం. ఈ వాక్యం సరిగ్గా రాయగలిగితే ఈ అడుగు దాటేసినట్టే.

ఒకే మాట ఒకచోట బిరుదు, ఇంకోచోట ఇంటిపేరు అయితే ఏం చేయాలో యెరూషలేము వీధి బోర్డే చెబుతుంది. అక్కడ బ్రిటిష్ రాజు ఐదో జార్జి పేరున్న పెద్ద వీధి ఒకటుంది, టెల్ అవీవ్‌లోనూ ఉంది. బోర్డు మీద హీబ్రూలో 'హమేలెఖ్ జార్జ్' అని ఉంటుంది. మేలెఖ్ అంటే రాజు. ఇక్కడ కింగ్ అన్నది పదవి కాబట్టి అనువదించారు. మార్టిన్ లూథర్ కింగ్ పేరులోని కింగ్ మాత్రం ఇంటిపేరు. దాన్ని కూఫ్, యూద్, నూన్, గీమెల్ అనే అక్షరాలతో 'కింగ్' అనే రాస్తారు. ఆయన్ని మేలెఖ్ చేస్తే తప్పు. బోర్డు మీద ఏమున్నా అక్కడి జనం ఆ వీధిని నోటితో 'కింగ్ జార్జ్' అనే అంటారు, అది వేరే కథ.

స్పెల్లింగు వదిలేసి పలుకు పట్టుకోండి

పేరును బయటికి చదవండి. చెవికి వినపడిందే రాయాలి, కంటికి కనపడింది కాదు. రైట్ అనే ఇంటిపేరుకు ఇంగ్లీషులో మొదట డబ్ల్యూ, మధ్యలో జీ, హెచ్ ఉంటాయి. విమానం ఎగరేసిన రైట్ సోదరులు హీబ్రూలో 'హఅఖీమ్ రైట్'. హఅఖీమ్ అంటే సోదరులు. రైట్‌కి రేష్, రెండు యూద్‌లు, టెట్, అంతే. నైట్ అనే పేరులో ముందున్న కే మాయం. వాకర్‌లో ఎల్ మాయం. నిక్సన్‌లోని ఎక్స్‌కి కూఫ్, సామెఖ్ అని రెండక్షరాలు పడతాయి. లెనన్, హారిసన్ లాంటి పేర్లలో ఒకే హల్లు రెండుసార్లు వస్తే హీబ్రూలో ఒకసారే వస్తుంది.

దీనికి మినహాయింపులూ ఉన్నాయి. లింకన్ పేరులో రెండో ఎల్ ఎవరూ పలకరు కదా, హీబ్రూలో మాత్రం అక్కడ లామెద్ రాస్తారు, చాలామంది పలుకుతారు కూడా. గ్రహామ్‌లో హెచ్ ఇంగ్లీషువాళ్ళు మింగేస్తారు, హీబ్రూలో హే అక్షరం ఉంటుంది. బాల్ఫర్‌ని బెట్, లామెద్, పే, వావ్, రేష్ అని రాసి 'బల్ఫూర్' అని పలుకుతారు. పాలస్తీనాలో యూదుల జాతీయ నివాసానికి బ్రిటన్ మద్దతు తెలిపిన 1917 నాటి బాల్ఫర్ ప్రకటన వల్ల ఆ పేరు అక్కడ నూరేళ్ళుగా జనం నోట్లో నలిగింది. 1922లో వెలిసిన ఒక పల్లెకు బల్ఫూరియా అని పేరు కూడా పెట్టుకున్నారు. ఇలా నలిగిన పేర్లను మీరు కొత్తగా దిద్దడానికి వెళ్ళకండి. ప్రముఖుల పేరైతే ముందు హీబ్రూ పేపర్లలో, హీబ్రూ వికీపీడియాలో ఎలా రాశారో చూసి అదే రాయండి. పలుకు సూత్రం ఊరూ పేరూ తెలియని మామూలు మనుషుల పేర్ల కోసం.

హీబ్రూలో ఉన్నవి 22 అక్షరాలు, అన్నీ హల్లులే, కుడి నుంచి ఎడమకు రాస్తారు. తెలుగు బైబిల్లో 119వ కీర్తన తిరగేసినవాళ్ళకు ఆలెఫ్, బేత్, గీమెల్ అన్న పేర్లు కొత్త కాదు. ఎనిమిదేసి వచనాలకు ఒక అక్షరం చొప్పున 22 అక్షరాలూ అక్కడ శీర్షికలుగా కనపడతాయి. అచ్చుల పని ఆలెఫ్, హే, వావ్, యూద్ అనే నాలుగు అక్షరాలు చూసుకుంటాయి. ఓ, ఊ వినపడితే వావ్. ఈ వినపడితే యూద్. ఏయ్, ఐ వినపడితే సాధారణంగా రెండు యూద్‌లు. పేరు అచ్చుతో మొదలైతే ముందు ఆలెఫ్ తప్పదు. మధ్యలో పొట్టి 'ఎ', 'అ' చాలాసార్లు రాయనే రాయరు.

దీనివల్ల టేలర్, టైలర్ అనే రెండు పేర్లు ప్రమాదకరంగా దగ్గరికి వస్తాయి. టేలర్‌కి టెట్, రెండు యూద్‌లు, లామెద్, వావ్, రేష్. అమెరికా అధ్యక్షుడు జాన్ టైలర్‌కి అవే అక్షరాలు, వావ్ మాత్రం ఉండదు. ఒక్క వావ్ జారితే మనిషి మారిపోతాడు.

ట, త తేడా మనకు ముందే తెలుసు

ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్ళు ఈ అడుగులో చాలా తడబడతారు. మనకు ఇది చేతిలో పని. హీబ్రూలో టెట్ అనీ, తావ్ అనీ రెండు అక్షరాలున్నాయి. నేటి ఇజ్రాయెల్‌లో రెండిటినీ ఒకేలా పలుకుతారు, కానీ రాతలో తేడా పాటిస్తారు. ఇంగ్లీషులో ఉత్త టీ ఉంటే టెట్, టీ పక్కన హెచ్ ఉంటే తావ్. ఇప్పుడు తెలుగులో మీరేం చేస్తారో ఆలోచించండి. టేలర్, క్లింటన్, న్యూటన్ అని రాసేటప్పుడు ట పెడతారు. స్మిత్, థాచర్ అని రాసేటప్పుడు త, థ పెడతారు. మీరు ట రాసిన చోట టెట్, త గానీ థ గానీ రాసిన చోట తావ్. పదికి తొమ్మిదిసార్లు ఇది సరిపోతుంది.

పదోసారి థామస్ వస్తాడు. ఇంగ్లీషులో పలికేది 'టామస్' అయినా హీబ్రూలో పాత సంప్రదాయం ప్రకారం తావ్‌తోనే రాస్తారు. మనమూ పలుకు పట్టించుకోకుండా థామస్ అనే రాస్తాం కాబట్టి ఇక్కడ కూడా తెలుగు అలవాటే కాపాడుతుంది.

మిగతా జంటల్లో గుర్తుంచుకోవలసినవి కొన్నే. క శబ్దానికి కూఫ్ వాడండి, కాఫ్ వద్దు. కాఫ్ పదం చివర వస్తే గొంతులోంచి వచ్చే 'ఖ్' అవుతుంది, అప్పుడు క్లార్క్ కాస్తా క్లార్ఖ్ అయిపోతాడు. స శబ్దానికి సామెఖ్, ష శబ్దానికి షీన్. హ శబ్దానికి హే. ఖెట్ జోలికి వెళ్ళకండి, అది గొంతు గీరుకునే అక్షరం.

మేమ్, నూన్, పే, త్సాదీ, కాఫ్ అనే ఐదు అక్షరాలకు పదం చివర వేరే రూపం ఉంటుంది. బ్రౌన్, విల్సన్ చివర నూన్ తోక కిందికి దిగుతుంది. పే దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. చివరి రూపంలో ఉన్న పే ఎప్పుడూ 'ఫ్' అనే పలుకుతుంది. అందుకని వుల్ఫ్ లాంటి పేరు చివర ఆ రూపం సరిగ్గా కుదురుతుంది. ట్రంప్ చివర కుదరదు, పెడితే 'ట్రంఫ్' అవుతుంది. అందుకే హీబ్రూ పేపర్లన్నీ ట్రంప్ పేరు చివర మామూలు పే అక్షరమే వేస్తాయి. చూడ్డానికి పదం మధ్యలో ఆగిపోయినట్టు ఉంటుంది. తప్పేమో అని దిద్దేయకండి.

అక్షరం పక్కన చిన్న గీత

హీబ్రూలో లేని శబ్దాల కోసం అక్షరం పక్కన గేరెష్ అనే చిన్న గీత పెడతారు. గీమెల్ పక్కన పెడితే జ, త్సాదీ పక్కన పెడితే చ, తావ్ పక్కన పెడితే ఇంగ్లీషు థ. జోన్స్, జాన్సన్, జాక్సన్ అందరికీ గీమెల్ గేరెష్. ఈ గీత మర్చిపోతే జోన్స్ 'గోన్స్' అవుతాడు. చర్చిల్ పేరులో రెండు త్సాదీలు, రెండు గీతలు. రెండూ మర్చిపోతే ఆయన 'త్సర్త్సిల్'. స్మిత్ చివరి గీతను కొందరు వదిలేస్తారు, పలుకులో పెద్ద తేడా రాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. జ, చ దగ్గర మాత్రం వదలడానికి వీల్లేదు.

టైప్ చేసేటప్పుడు దాదాపు అందరూ మామూలు అపాస్ట్రఫీనే గేరెష్‌గా వాడతారు. హీబ్రూ కీబోర్డు లేఅవుట్‌లో అది డబ్ల్యూ కీ దగ్గర ఉంటుంది. ఒకే లైన్‌లో ఇంగ్లీషు, హీబ్రూ కలిపి కొడితే కర్సర్ అటూ ఇటూ గెంతి, ఆ గీత వెళ్ళి పేరుకు అవతలి చివర కూర్చున్నట్టు కనపడుతుంది. హీబ్రూ పేరును విడిగా ఒక లైన్‌లో కొట్టి, సరిచూసుకుని, తర్వాత తెచ్చి అతికించండి. నాకు ఇది తెలిసేసరికి ఒక సాయంత్రం మొత్తం పోయింది. ఇంకొకటి, ఓబ్రయన్, ఓకానర్ లాంటి ఐరిష్ పేర్లలో ఓ పక్కన ఉండే గీత గేరెష్ కాదు, అది ఇంగ్లీషు నుంచి వచ్చిన అలంకారం మాత్రమే.

డబ్ల్యూ శబ్దానికి హీబ్రూలో సొంత అక్షరం లేదు, వావ్‌తోనే సర్దుకోవాలి. విల్సన్‌కి మొదట ఒక వావ్. డార్విన్‌లో అది మధ్యలో వచ్చింది కాబట్టి రెండు వావ్‌లు. హల్లుగా పలికే వావ్ మాట మధ్యలో ఉంటే రెండుసార్లు రాయాలని హీబ్రూ భాషా అకాడమీ నియమం. వాట్సన్‌లో కూడా రెండున్నాయి గానీ లెక్క వేరు, మొదటిది డబ్ల్యూ, రెండోది ఓ. ఎలా రాసినా కొందరు దాన్ని 'వ' అనే పలుకుతారు. నెతాన్యా దగ్గరున్న జాతీయ క్రీడా శిక్షణ కేంద్రానికి బ్రిటిష్ సైన్యాధికారి వింగేట్ పేరు పెట్టారు. ఆ 'మఖోన్ వింగేట్'ను జనం శుభ్రంగా పళ్ళు పెదవికి ఆనించి వ తోనే పలుకుతారు.

పేరును వాక్యంలోకి దించండి

ఇక్కడ తెలుగు విభక్తులు పక్కన పెట్టుకుంటే పని ఇట్టే అయిపోతుంది. మనం పేరు వెనక అతికించేవాటిని హీబ్రూ పేరు ముందు పెడుతుంది. బ్రౌన్ పేరుతో చూద్దాం.

బ్రౌన్‌ని: "రాఈతి ఎత్ బ్రౌన్ బబోకెర్." పొద్దున బ్రౌన్‌ని చూశాను. ఈ 'ఎత్'కి ఇంగ్లీషులో సమానమైన మాటే లేదు. అందుకే ఇంగ్లీషు నుంచి నేరుగా మార్చేవాళ్ళు దీన్ని వదిలేస్తారు. మనకు 'ని' ఉంది కాబట్టి వదలడానికి సాకు లేదు. కర్మస్థానంలో మనిషి పేరు ఉంటే 'ఎత్' ఉండాల్సిందే.

బ్రౌన్‌కి: "నతాతి ఎత్ హమఫ్తేయఖ్ లెబ్రౌన్." తాళంచెవి బ్రౌన్‌కి ఇచ్చాను. 'లె' అంటే లామెద్ ఒక్కటే అక్షరం, ఖాళీ లేకుండా పేరుకు అతుక్కుపోతుంది.

బ్రౌన్‌తో: "దిబర్తి ఇమ్ బ్రౌన్." బ్రౌన్‌తో మాట్లాడాను. ఇది విడిగా ఉంటుంది.

బ్రౌన్ కుక్క: "జె హకెలెవ్ షెల్ బ్రౌన్." ఇది బ్రౌన్ వాళ్ళ కుక్క. పక్కనే "జె కెలెవ్ ఖూమ్" అని రాసి చూసుకోండి, ఇది గోధుమరంగు కుక్క. ఇంగ్లీషులో అపాస్ట్రఫీ ఎస్ ఉందా లేదా అన్నదాని మీదే ఈ తేడా అంతా ఆధారపడింది. ఒక జాగ్రత్త, విలియమ్స్, జోన్స్, రాబర్ట్స్ పేర్లలో ఉన్న చివరి 'స్' పేరులో భాగమే. దాన్ని 'యొక్క' అనుకుని కోసేయకండి.

'ద బ్రౌన్స్' సంగతి తర్వాత అన్నాను కదా. హీబ్రూలో పేరును బహువచనం చేయరు, ముందు 'ద'కి సమానమైన 'హ' పెట్టరు. 'మిష్పఖత్ బ్రౌన్' అంటారు, బ్రౌన్ కుటుంబం. కుటుంబం అనే మాట ఒంటరిగా ఉంటే 'మిష్పఖా', పేరుకు తగిలిస్తే చివర త్ వచ్చి 'మిష్పఖత్'. క్రియ స్త్రీలింగ ఏకవచనం: "మిష్పఖత్ బ్రౌన్ అవ్రా దీరా." బ్రౌన్ వాళ్ళు ఇల్లు మారారు. మనం 'మారారు' అని బహువచనం వాడతాం, అక్కడ 'అవ్రా' అని ఒక ఆడమనిషి గురించి చెప్పినట్టు ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది లింగం. "టేలర్ కేమ్ యెస్టర్డే" అన్న ఇంగ్లీషు వాక్యం చూసి టేలర్ ఆడో మగో చెప్పలేం. తెలుగులో మనకు 'టేలర్ గారు వచ్చారు' అనే చక్కటి గొడుగు ఉంది, దాని కింద ఎవరైనా నిలబడొచ్చు. హీబ్రూలో ఆ గొడుగు లేదు. "టేలర్ బా ఎత్మోల్" అంటే వచ్చాడు, "టేలర్ బాఆ ఎత్మోల్" అంటే వచ్చింది. రెండిట్లో ఒకటి ఎంచుకుని తీరాలి. ఊహించి రాయకండి. ఇచ్చినవాళ్ళని అడగండి, లేదా ముందు వెనక వాక్యాల్లో హీ, షీ ఏమున్నాయో వెతకండి.

గౌరవం కావాలంటే పేరు ముందు మగవాళ్ళకు 'మార్', ఆడవాళ్ళకు 'గ్వెరెత్' వస్తాయి. "మార్ స్మిత్ గార్ బెఖేఫా", "గ్వెరెత్ స్మిత్ గారా బెఖేఫా". స్మిత్ హైఫాలో ఉంటారు అని. ఇందులో 'గార్' మన గారు కాదు, నివసిస్తున్నాడు అనే క్రియ. తెలుగు చెవికి ఇది మొదట్లో నవ్వు తెప్పిస్తుంది, కానీ మర్చిపోలేనంతగా గుర్తుండిపోతుంది.

పేరు వేరే మాటతో కలిసిపోతే

తెలుగులాగే హీబ్రూలోనూ పెద్దక్షరాలు లేవు. దానికితోడు అచ్చులు కనపడవు. కాబట్టి సరిగ్గా రాసిన పేరు కూడా వాక్యంలో ఇంకో మాటలా కనిపించొచ్చు. కెన్నెడీ పేరు కూఫ్, నూన్, డాలెట్, యూద్. కెనడావాడు అనే మాట 'కనడీ'కి కూడా అవే నాలుగక్షరాలు. "కెన్నెడీ ఇక్కడికి వచ్చాడు" అని రాస్తే "ఒక కెనడావాడు వచ్చాడు" అని చదువుకోవచ్చు. మూర్ అని రాస్తే మోర్ అనే ఇజ్రాయెలీ అమ్మాయి పేరు కావచ్చు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది లీ. లామెద్, యూద్ అని రెండక్షరాలు, అదే రాత 'నాకు' అనే మాటకూ. "లీ నాకు పుస్తకం ఇచ్చాడు" అన్నది "లీ నతాన్ లీ ఎత్ హసేఫెర్". చదివేవాడు మొదటి లీ దగ్గరే ఆగి తల గోక్కుంటాడు.

మందు ఒక్కటే. పేరు మొదటిసారి వచ్చినప్పుడు దాని ముందు సొంత పేరో, మార్, గ్వెరెత్‌లో ఒకటో, డాక్టర్ లాంటి హోదానో పెట్టండి. 'జాన్ కెన్నెడీ' అంటే కెనడా గుర్తుకు రాదు. 'మార్ లీ నతాన్ లీ' అంటే తల గోక్కోనక్కర్లేదు.

దీనికి ఇంకో కోణం ఉంది. హీబ్రూలో ఏడు అక్షరాలు మాట ముందు అతుక్కుని 'కి', 'లో', 'నుంచి', 'మరియు' లాంటి అర్థాలు ఇస్తాయి. మేమ్, షీన్, హే, వావ్, కాఫ్, లామెద్, బెట్. పిల్లలు వీటిని 'మోషే వెఖాలెవ్' అని గుర్తుపెట్టుకుంటారు, అంటే మోషే, కాలేబు. ఈ అక్షరాలతో మొదలయ్యే ఇంటిపేరు వస్తే మొదటి అక్షరం పేరులోదా, అతికించిందా అని చదివేవాడికి క్షణం అనుమానం. లీ, హాల్, షా, బుష్ అన్నీ ఈ గుంపులోవే. విల్సన్‌కి 'లె' చేరితే ఇంకో చిన్న మార్పు కూడా ఉంది. వావ్ ఇప్పుడు మాట మధ్యలోకి వచ్చింది కాబట్టి నియమం ప్రకారం రెండు వావ్‌లు అవుతాయి. పేరు ఒంటరిగా ఉంటే ఒకటి, 'విల్సన్‌కి' అంటే రెండు. పట్టికలో పేరు కాపీ చేసి ముందు లామెద్ తగిలించేసేవాళ్ళు ఇది చూసుకోరు.

రెండు ఇంగ్లీషు పేర్లు హీబ్రూలో ఒకటైపోవడం ఇంకో బెడద. ఎవాన్స్, ఓవెన్స్ రెండిటికీ ఆలెఫ్, రెండు వావ్‌లు, నూన్, సామెఖ్. ఒకే కాగితంలో ఇద్దరూ ఉంటే సొంత పేర్లు రాయక తప్పదు. ఇంగ్లీషు నావికుడు జేమ్స్ కుక్ పేరూ, యెరూషలేములో వీధి పేరుగా కనిపించే యూదు మతగురువు రబ్బీ కూక్ పేరూ అక్షరం పొల్లు పోకుండా ఒకటే. ముందు 'హరావ్', అంటే రబ్బీ, ఉందా, 'జేమ్స్' ఉందా అన్నదే తేడా.

పేరున్న మనిషి మాటే చివరి మాట

ఇంగ్లీషు ఇంటిపేరు అసలు హీబ్రూ నుంచే వెళ్ళినదైతే దారి మారుతుంది. కోహెన్, లెవీ లాంటివి పలుకు చూసి కొత్తగా అక్షరాలు పేర్చకూడదు. కోహెన్ అంటే కాఫ్, హే, నూన్. కూఫ్‌తో, వావ్‌తో మొదలుపెడితే ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి పేరు అడిగినట్టు ఉంటుంది. లెవీ అంటే లామెద్, వావ్, యూద్, మధ్యలో వావ్ ఉన్నా రెండుసార్లు రాయరు. అలాగని బైబిల్ వాసన ఉన్న ప్రతి పేరునూ వెనక్కి తిప్పేయకండి. జేకబ్స్‌ని యాకోవ్ చేయకూడదు, గీమెల్ గేరెష్‌తో జేకబ్స్ అనే రాయాలి. జాన్ ఆడమ్స్ చివర సామెఖ్ ఉండాల్సిందే.

అర్థం చూసి పేరు మార్చుకోవడం లేదా అంటే, ఉంది. కానీ అది అనువాదకుడి పని కాదు, పేరున్నవాళ్ళ ఇష్టం. ఇజ్రాయెల్ వెళ్ళి స్థిరపడినవాళ్ళలో చాలామంది ఇంటిపేర్లు హీబ్రూలోకి మార్చుకున్నారు. కొందరు అర్థం పట్టుకుని వెండి అనే పేరును కస్పీ, బంగారం అనే పేరును జహావీ చేసుకున్నారు. కొందరు పలుకుకు దగ్గరగా ఉన్నది ఎంచుకున్నారు. మొదటి ప్రధాని బెన్ గురియన్ పుట్టినప్పుడు గ్రూన్, ఆ మాటకు ఆకుపచ్చ అని అర్థం. అర్థం చూసుకుని ఉంటే ఆయన 'యారోక్' అయ్యేవారు. గోల్డా మెయిర్ 1956 వరకు మెయర్సన్. అంచేత ఎవరైనా అక్కడి గుర్తింపు కార్డు మీద తన పేరు ఫలానా అక్షరాలతో రాయించుకుని ఉంటే, మీ సూత్రం ఏం చెప్పినా అదే రాయండి.

ఫోన్‌లో అడిగినప్పుడు

ఫారంలో 'షెమ్ ప్రతీ' అంటే సొంత పేరు, 'షెమ్ మిష్పఖా' అంటే ఇంటిపేరు. ఫోన్‌లో పేరు చెప్పగానే అవతలి నుంచి వచ్చే ప్రశ్న "ఎఖ్ కోత్విమ్?", ఎలా రాస్తారు అని. ఆ తర్వాతిది "బెటెట్ ఓ బెతావ్?", టెట్‌తోనా తావ్‌తోనా అని. జవాబు ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. "షెమ్ హమిష్పఖా షెలీ టేలర్. టెట్, ష్నేయ్ యూదిమ్, లామెద్, వావ్, రేష్." ష్నేయ్ యూదిమ్ అంటే రెండు యూద్‌లు. అది చెప్పకపోతే ఒకటే రాసుకుంటారు.

రాసిన పేరును పంపే ముందు ఇంగ్లీషు స్పెల్లింగు చూడని హీబ్రూ మనిషి ఎవరైనా దొరికితే ఒక్కసారి బయటికి చదివించండి. ఆ మనిషి తడబడిన చోట అచ్చుల గుర్తులు, అంటే నికూద్, మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం పెట్టండి. అన్నిచోట్లా పెడితే చిన్నపిల్లల పుస్తకంలా ఉంటుంది. బ్యాంకు, వీసా, కోర్టు కాగితాలైతే పేరు పక్కన ఒకసారి ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాసి తీరాలి. బ్రౌన్ చివర ఇంగ్లీషు 'ఈ' (e) అక్షరం ఉందో లేదో, క్లార్క్ చివర అది ఉందో లేదో హీబ్రూలోంచి వెనక్కి లాగడం ఎవరివల్లా కాదు.